జీడి పరిశ్రమలో యజమానికీ పనివారికీ పర్యావరణం విషయంలో ఒకే ఆలోచన ఎలా కుదురుతుంది?

ప్రశ్న అడిగినవారు: ఉద్దానం తోట

అందరికీ నమస్కారం. పలాస దగ్గర మాకు చిన్న జీడిపప్పు పరిశ్రమ ఉంది. నాన్నగారి కాలంలో పిక్కలను డ్రమ్ములో కాల్చేవారు. తొక్కలోని నూనె మండితే వచ్చే పొగ ఎంత ఘాటుగా ఉంటుందో ఈ ప్రాంతం వారికి నేను చెప్పనవసరం లేదు. పరిశ్రమ బాధ్యత నా మీదికి వచ్చిన తరువాత అప్పు చేసి బాయిలర్ పెట్టించి, పిక్కలను ఆవిరిలో ఉడికించి, ఆరబెట్టి, కట్టర్ల మీద కోసే పద్ధతికి మారాము. పొగ చాలా వరకు తగ్గింది. పప్పు తెల్లగా వస్తోంది. తొక్కలో నూనె అలాగే నిలిచి ఉంటుంది కనుక దానిని నూనె తీసే మిల్లుకు అమ్మగలుగుతున్నాము. ఆ నూనె బ్రేకు లైనింగులలోనూ, పెయింట్ల తయారీలోనూ వాడతారు కాబట్టి ఇంతకు ముందు గాలిలో కలిసిపోయినది ఇప్పుడు పనికివచ్చే సరుకు అయింది.

నా ఇబ్బంది పనివారితో. మా దగ్గర కటింగు, పీలింగు, గ్రేడింగు చేసేది ఎక్కువగా చుట్టుపక్కల ఊళ్ల ఆడవారే. కష్టపడి పనిచేసేవారే గాని, ఈ మార్పు తమది అన్న భావన వారిలో నాకు కనిపించడం లేదు. రబ్బరు తొడుగులు ఇస్తే కాసేపు వేసుకుని తీసేస్తారు, తరువాత అవి మురుగు కాలువలో కనిపిస్తాయి. తొక్కను ఇళ్లకు పట్టుకెళ్లి పొయ్యిలో పెడితే ఆ పొగ పిల్లల ఊపిరితిత్తులకు హాని చేస్తుందని వివరించి, తీసుకెళ్లడం ఆపించాము. దానికి నొచ్చుకున్నారు. జూన్ 5న, ప్రపంచ పర్యావరణ దినం నాడు, మొక్కలు పంచి, ఒక మాస్టారి చేత ప్రసంగం చేయించాము. మర్యాదగా విని వెళ్లారు, అంతే.

నేను ఇదంతా వ్యాపారం కోసమే చేస్తున్నానని అనుకోవద్దు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను తీరం దాటిన తరువాత మా తోటలో నిలబడి ఉన్న చెట్టు కోసం వెతుక్కోవలసి వచ్చింది. మా పనివారిలో చాలామందికి కూడా ఎకరమో అరెకరమో జీడితోట ఉండేది, వారిదీ పోయింది. ఒకే గాలి ఇద్దరినీ నష్టపరచినప్పుడు గాలి, నీరు, నేల గురించి ఇద్దరికీ ఒకే పట్టింపు ఎందుకు కలగదు అన్నది నన్ను నిజంగా బాధిస్తున్న విషయం. యజమాని నమ్మే విలువను పనిచేసేవారు కూడా తమదిగా భావించేలా చేయడానికి మీ పరిశ్రమలలో, కార్యాలయాలలో ఏం చేశారో చెప్పగలరా?

—

జవాబు: మందస ఆడపడుచు

మీరు మనసు పెట్టి అడిగారు కాబట్టి నేనూ మనసు పెట్టి చెబుతాను. మా అమ్మ చాలా ఏళ్లు కటింగు పని చేసింది. మీ పరిశ్రమలో కాదు, పేరు ఇక్కడ అవసరం లేదు.

మీరు డ్రమ్ము మానేసి ఆవిరికి మారడం మంచి పని. ఆ పొగను నేను చిన్నప్పుడు పీల్చాను కనుక ఆ మాట మొహమాటం లేకుండా అంటున్నాను. అయితే ఆ మార్పు వల్ల కటింగు బల్ల దగ్గర ఏం జరిగిందో ఒకసారి చూడండి. డ్రమ్ములో కాల్చినప్పుడు తొక్క పెళుసెక్కి, అందులోని నూనె కొంత కాలిపోయేది. ఆవిరిలో ఉడికించిన పిక్కలో నూనె దాదాపు పూర్తిగా మిగులుతుంది. కట్టరు బ్లేడు దిగిన ప్రతిసారీ అది వేళ్ల మీదికి, ఒక్కొక్కసారి ముఖం మీదికి చిమ్ముతుంది. బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి రసం ఒంటికి తగిలితే ఎలా పొక్కుతుందో మన పెద్దలకు తెలుసు, జీడి తొక్క నూనెదీ ఆ కుటుంబమే. అంటే పొగ రూపంలో ఊరంతటికీ పంచబడిన బాధ తగ్గింది గాని, అందులో ఒక భాగం కొందరు ఆడవారి చేతుల మీదికి చేరింది. ఊరికి గాలి బాగుపడింది, మీకు తొక్క అమ్మకం వచ్చింది, వారికి పొక్కులు పెరిగాయి. ఈ మార్పు తమది అని వారు ఎందుకు అనుకోవడం లేదని మీరు అడుగుతున్నారు.

తొడుగుల సంగతి కూడా ఇక్కడే ఉంది. మీ దగ్గర కటింగు కూలి కిలోల లెక్కనే ఇస్తూ ఉండాలి. రబ్బరు తొడుగు వేసుకుంటే పిక్క వేళ్ల మధ్య నిలవదు, పప్పు విరుగుతుంది, చెమటకు లోపల చేయి నానిపోతుంది. విరగని గుండుకూ విరిగిన ముక్కకూ ధరలో ఎంత తేడా ఉంటుందో మీకు నేను చెప్పాలా? తొడుగు వేసుకున్న రోజు కూలి తగ్గితే, ఆ తొడుగు ఖరీదును కట్టినది ఆమే అవుతుంది. అందుకే వారు ఆముదం రాసుకుని, బూడిద అద్దుకుని పని కానిస్తారు. మా అమ్మ వేలిముద్రలు అరిగిపోయి రేషను దుకాణంలో యంత్రం తీసుకోక వెనక్కి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. అటువంటి మనిషికి జూన్ 5న వేప మొక్క ఇచ్చి పర్యావరణం గురించి చెప్పినప్పుడు ఆమె మర్యాదగా వినక ఏం చేస్తుంది?

తొక్క ఇళ్లకు పట్టుకెళ్లడం ఆపించానని రాశారు. ఆ పొగ పొయ్యి దగ్గర కూర్చున్న వారికి చేటే, అందులో మీతో ఏకీభవిస్తాను. కాని వారి వైపు నుంచి చూస్తే కనిపించేది మరొకటి: మొన్నటి వరకు ఉచితంగా ఇంటికి వచ్చిన వంటచెరకు, అమ్మకానికి విలువ వచ్చిన నాటి నుంచి రావడం మానేసింది. మీరు చెప్పిన కారణం నిజమే అయినా, రెండూ ఒకేసారి జరిగినందువల్ల అది నమ్మదగిన కారణంగా వారికి కనిపించదు. ఆ తొక్క డబ్బులో కొంత గ్యాసు సిలిండరు రూపంలో వారికి తిరిగి చేరి ఉంటే ఈ మాట వచ్చేదే కాదు.

మరొక విషయం రాయకుండా ఉండలేను. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. పరిశోధకులు చూస్తున్న కారణాలలో భూగర్భ జలంతో పాటు, వేడిలో పనిచేస్తూ ఒంట్లో నీరు తగ్గిపోవడం కూడా ఒకటి. చాలా యూనిట్లలో ఆడవారు పగలంతా నీళ్లు తాగకుండా పనిచేస్తారు. మరుగుదొడ్డి సరిగా ఉండదు, లేచి వెళితే కిలోలు తగ్గుతాయి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభించారు, హిరమండలం నుంచి వంశధార నీటిని పైపులలో తెచ్చారు. ప్రభుత్వం అంత దూరం నుంచి తెచ్చిన నీరు మీ కటింగు షెడ్డులోని ఆడమనిషి గొంతు వరకు చేరుతోందా లేదా అన్నది మీరు ఒక్కరే చూడగలిగిన విషయం. నా దృష్టిలో పని చోట పర్యావరణం అంటే మొదట అదే.

—

జవాబు: రణస్థలం రిటైర్డ్

పై సోదరి చెప్పిన దానికి నేను చేర్చవలసినది మరొక రకమైన పరిశ్రమ నుంచి. పైడిభీమవరం ప్రాంతంలో ఒక మందుల కర్మాగారంలో భద్రత, పర్యావరణ విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేశాను.

పెద్ద పరిశ్రమలలో విలువలకు కొదవ ఉండదు. గేటు దగ్గర పెద్ద బోర్డు మీద పర్యావరణ విధానం రెండు భాషలలో రాసి ఉంటుంది. నేను పనిచేసిన చోట కూడా ఉండేది. కాని రాత్రి షిఫ్టులో వ్యర్థ జలాల ట్యాంకు నిండి వస్తున్నప్పుడు ఆపరేటరు ఫోను చేస్తే, అవతలి నుంచి వచ్చే మొదటి ప్రశ్న ఉత్పత్తి గురించే అయితే, ఆ సంస్థ అసలు విలువ ఏమిటో అతనికి ఆ క్షణంలో తెలిసిపోతుంది, బోర్డు మీద ఏం రాసినా అతను మళ్లీ నమ్మడు. ఆ ఆపరేటరు పక్క ఊరివాడు. గెడ్డలోకి వెళ్లే నీరు అతని పశువులు తాగే నీరు. పర్యావరణం మీద పట్టింపు అతనికి లేక కాదు, ఉన్న పట్టింపును నోటితో చెబితే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియక ఊరుకుంటాడు.

1984లో భోపాల్ దుర్ఘటన జరిగిన తరువాత, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేసిన సవరణ నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. ప్రమాదకర ప్రక్రియలు ఉన్న కర్మాగారాలలో, వాడే పదార్థాల వల్ల కలిగే ప్రమాదాలను యాజమాన్యం కార్మికులకూ చుట్టుపక్కల ప్రజలకూ తెలియజేయాలని, యాజమాన్య ప్రతినిధులూ కార్మిక ప్రతినిధులూ సమాన సంఖ్యలో ఉండే భద్రతా కమిటీ ఏర్పాటు చేయాలని, ప్రమాదం ముంచుకువస్తోందని కార్మికుడు భావిస్తే హెచ్చరించే హక్కు అతనికి ఉందని ఆ సవరణ చెప్పింది. కార్మికుడికి మొట్టమొదట కనిపిస్తుంది, మొట్టమొదట వాసన వస్తుంది, కాబట్టి అతని మాటకు చట్టబద్ధమైన స్థానం ఉండాలన్నది దాని సారం. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో కర్మాగారం నుంచి స్టైరీన్ అనే విష రసాయనపు ఆవిరి లీకైనప్పుడు నిద్రలో ఉన్న ఊరు ఎంత మూల్యం చెల్లించిందో మనందరం చూశాము.

మీ వంటి చిన్న యూనిటుకు అటువంటి కమిటీని చట్టం తప్పనిసరి చేయడం లేదు. తప్పనిసరి కానప్పుడు పెట్టుకున్న కమిటీకే నా అనుభవంలో విలువ ఎక్కువ. కటింగు నుంచి ఇద్దరు, పీలింగు నుంచి ఒకరు, బాయిలరు మనిషి, మీరు: నెలకొకసారి కూర్చోండి. ఆ సమయానికి కూలి కట్టండి, ఇది మరచిపోకండి. వారు చెప్పినది ఒక పుస్తకంలో రాసి, తరువాతి నెల అదే పుస్తకం తెరిచి, చేసినది ఏది, చేయలేనిది ఏది, ఎందుకు చేయలేదు అన్నది వారి ముందే చెప్పండి. చేయలేనిది చేయలేనని చెబితే ఎవరూ అలగరు.

మొక్కల పంపకం గురించి ఒక మాట. పెద్ద కంపెనీలకు 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయవలసిన నిబంధన ఉంది, ఆ డబ్బుతో మొక్కలు నాటుతారు, పాఠశాలకు బల్లలు ఇస్తారు. అది మంచిదే. కాని చట్టప్రకారం ఎలాగూ చేయవలసిన పనులను ఆ ఖాతాలో చూపడానికి వీలు లేదు. తన వ్యర్థ జలాన్ని తాను శుద్ధి చేసుకోవడం దాతృత్వం కాదు కదా. ఆ తేడా లోపల పనిచేసేవారికి స్పష్టంగా కనిపిస్తుంది. ఊరి బడిలో బల్లలు వేయించిన సంస్థే రాత్రి పూట ట్యాంకు వదులుతుంటే, అందులో పనిచేసే ఊరి కుర్రవాడు ఏ విలువను పంచుకోవాలి?

—

జవాబు: జీడి వ్యాపారి

ఉద్దానం తోట గారూ, మీ మీద సానుభూతితోనే కొంచెం గట్టిగా రాస్తున్నాను. నాదీ ఇదే వ్యాపారం. మన తోటల పిక్క చాలక ఆఫ్రికా నుంచి దిగుమతి చేసుకుంటున్నాము, ఓడ ఆలస్యమైతే వడ్డీ పెరుగుతుంది, పండుగ దాటితే పప్పు ధర తగ్గుతుంది. వీటి మధ్య పనివారి మనసులో ఏ విలువ ఉందో వెతికే తీరిక ఎవరికి ఉంది? కాలుష్య నియంత్రణ మండలి అడిగినవి చేయండి, కూలి వేళకు ఇవ్వండి. మిగిలినది వారి ఇష్టానికి వదిలేయండి. విలువలు ఒకటి కాకపోయినా పని సాగుతుంది.

—

జవాబు: విజయనగరం కోట వీధి

పై మాటలో కొంత నిజం ఉంది, కాని అది సగమే. నేను మేనేజ్‌మెంటు పాఠాలు చెబుతాను. సంస్థ విలువలకూ అందులో పనిచేసే మనిషి విలువలకూ పొంతన ఎలా ఏర్పడుతుందన్న దాని మీద జెన్నిఫర్ చాట్‌మన్ 1989లో రాసిన వ్యాసం మా రంగంలో చాలా ప్రసిద్ధి పొందింది. ఆ పొంతన రెండు దారులలో వస్తుందని ఆమె వాదన: ఒకటి, తమకు నచ్చిన సంస్థను మనిషి, తమకు తగిన మనిషిని సంస్థ ఎంచుకోవడం, రెండు, చేరిన తరువాత ఆ వాతావరణంలో మనిషి మెల్లగా మలచబడడం. పర్యావరణ విలువల గురించి మాట్లాడే వారు ఈ ఆలోచననే తీసుకుని, పర్యావరణ స్పృహ ఉన్నవారిని ఉద్యోగంలోకి తీసుకోవాలని, చేరిన తరువాత శిక్షణ ఇవ్వాలని చెబుతారు.

హైదరాబాదులో సాఫ్ట్‌వేరు సంస్థకు ఇది వర్తించవచ్చు. పలాసలో కటింగు పనికి వచ్చే ఆమెకు ఎంచుకునే అవకాశం ఎక్కడ ఉంది? నడిచి వెళ్లగలిగిన దూరంలో ఉన్న పనిలో ఆమె చేరుతుంది. కాబట్టి ఆ మొదటి దారి మూసుకుపోయినట్లే. రెండో దారిలో కూడా మలచబడవలసినది ఆమె ఒక్కతే అని మనం అనుకుంటున్నాము. అక్కడే నాకు అభ్యంతరం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారికి పర్యావరణ స్పృహ కొత్తగా నేర్పవలసినది ఏముంది? టెక్కలి దగ్గర తేలినీలాపురంలో ఏటా వచ్చే గూడబాతులను, ఎర్రకాళ్ల కొంగలను ఊరివారు ఇంటి ఆడపడుచులలాగా చూసుకుంటారు, పెరట్లో చెట్ల మీద గూళ్లు కట్టినా చెట్టు కొట్టరు. 2010 జూలై 14న సోంపేటలో బీల అనే చిత్తడి భూములలో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని నిలబడి తూటాలకు ఎదురు నిలిచినవారు మత్స్యకారులు, రైతులు, కూలీలు. మీ షెడ్డులో పనిచేసేవారు ఆ ఊళ్ల మనుషులే. వారి విలువలు మీకు కనిపించకపోవడానికి కారణం, వాటిని బయటపెట్టే చోటు పని స్థలంలో లేకపోవడం కావచ్చు.

మా జిల్లా జనపనార మిల్లులు దీనికి మరొక ఉదాహరణ. గోనెసంచి కంటే పర్యావరణానికి మేలైన సరుకు ఏముంటుంది? 1987లో కేంద్రం చట్టం చేసి ఆహార ధాన్యాలను, చక్కెరను గోనెసంచులలో నింపాలని నిబంధన పెట్టింది కూడా. అయినా ప్లాస్టిక్‌కు బదులు నారను వాడండని చెప్పే కరపత్రాన్ని, నార దుమ్ములో దగ్గుతూ, మిల్లు ఎప్పుడు లాకౌటు అవుతుందో తెలియక బతికిన కార్మికుడి చేతిలో పెడితే అతను ఏమనుకుంటాడు? సరుకు పచ్చగా ఉంటే సరిపోదు, దానిని తయారుచేసే బతుకులో కూడా ఆ పచ్చదనం కొంత కనిపించాలి.

జీడి వ్యాపారి గారు అన్నట్లు విలువలు ఒకటి కాకపోయినా పని సాగుతుంది. నేను కాదనను. కాని తొడుగు కాలువలో పడకుండా ఉండడం, కుళాయి కట్టేసి ఉండడం, బాయిలరులో తడి తొక్క వేసి నల్లని పొగ రాకుండా చూడడం వంటివి ఏ తనిఖీ అధికారీ రోజూ నిలబడి చేయించలేడు. అవి అక్కడ ఉన్న మనిషి తనంతట తాను చేస్తేనే జరుగుతాయి.

—

ఉద్దానం తోట

సమాధానాలు ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు. మందస ఆడపడుచు గారి జవాబును మా ఇంట్లో చదివి వినిపించాను. తొక్క అమ్మకం వల్ల వచ్చే డబ్బును ప్రత్యేక ఖాతాలో వేసి, దాని నుంచి గ్యాసు రీఫిల్లులకు కొంత, చేతుల రక్షణకు కొంత కేటాయించాలని అనుకుంటున్నాము. రిటైర్డ్ గారు చెప్పిన నెలవారీ సమావేశం కూడా మొదలుపెడతాము. జీడి వ్యాపారి గారూ, వడ్డీ సంగతి నాకూ తెలుసు. అయినా ఈ పని వాయిదా వేయాలని లేదు.

నాకు తోచనిది ఒక్కటే. తొడుగులతో పని నెమ్మదిస్తే కూలి నష్టాన్ని ఎలా లెక్కకట్టాలి? కిలో రేటు పెంచాలా, లేక రోజుకు ఇంత అని విడిగా ఇవ్వాలా?

—

మందస ఆడపడుచు

సంతోషం అండీ. నన్ను అడిగితే రేటు ముట్టుకోకముందు రెండు రకాల తొడుగులు తెప్పించి, కటింగులో బాగా చేయి తిరిగిన ఇద్దరికీ, కొత్తగా చేరిన ఇద్దరికీ ఇచ్చి చూడండి. మందపాటి రబ్బరు తొడుగు కంటే, లోపల పలచని నూలు తొడుగు, దాని మీద వేళ్లకు అంటిపెట్టుకునే సన్నని తొడుగు మేలని కొందరంటారు. ఏది నప్పుతుందో వారే చెప్పాలి. ఆ పరీక్ష జరిగిన రోజులలో వారికి అంతకు ముందు వచ్చిన సగటు కూలి తగ్గకుండా ఇవ్వండి, లేకపోతే తొందరపడి తీసేస్తారు, మీకు నిజమైన లెక్క రాదు. ఎంత నెమ్మదిస్తుందో తెలిసిన తరువాత కిలో రేటులోనే కలపండి. విడిగా ఇచ్చే డబ్బును గిరాకీ తగ్గిన నెలలో మొదట కోసేస్తారని పనివారికి అనుభవం ఉంది, రేటులో కలిసినది అంత సులభంగా పోదు. ముక్క శాతం పెరిగితే కోత పెట్టే పద్ధతి మీ దగ్గర ఉంటే, కొన్నాళ్ల పాటు దానిని నిలిపివేయండి.

పాడైన తొడుగులు వేయడానికి ప్రతి బల్ల దగ్గర ఒక డబ్బా పెట్టించండి. నూనె అంటిన రబ్బరును తొక్కతో కలిపి బాయిలరులో మాత్రం వేయనివ్వకండి. మరుగుదొడ్డి, తాగునీరు మాత్రం ఏ సమావేశం కోసమూ ఆగకుండా ఈ వారమే చూడండి. తాగునీటి కుండీ, మరుగుదొడ్డి పక్కపక్కనే పెట్టవద్దు, ఆరు మీటర్లయినా దూరం ఉండాలని ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది. మొదటి సమావేశంలో ఏం మాట్లాడారో వీలైతే ఇక్కడ రాయండి. మా ఊళ్లో మరో ఇద్దరు యజమానులకు చూపించాలని ఉంది.